చెల్లెలి బొమ్మలు, అక్క నవల

(కుటుంబ కథలు రాయడం గురించి మహిళా కార్యకర్తల కోసం జరిగిన శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఒక పుస్తకం మొదటి పేజీతో ప్రారంభిస్తాను. 1868లో అమెరికాలోని బోస్టన్ నగరంలో రాబర్ట్స్ బ్రదర్స్ అనే ప్రచురణ సంస్థ వేసిన నవల అది. పేరు 'లిటిల్ విమెన్'. రచయిత్రి లూయిసా మే ఆల్కాట్. ఆ పేరు కింద ఇంకో పేరు కూడా అచ్చయింది. బొమ్మలు: మే ఆల్కాట్. రాసింది అక్క, గీసింది చెల్లెలు. నవలలో నలుగురు అక్కచెల్లెళ్ళుంటారు. మెగ్, జో, బెత్, ఎమీ. రెండో పిల్ల జో కథలు రాస్తుంది. ఆఖరి పిల్ల ఎమీ బొమ్మలు గీస్తుంది. 'మే' అనే పేరులోని మూడు ఇంగ్లీషు అక్షరాల్ని అటూ ఇటూ మారిస్తే 'ఎమీ' వస్తుంది. అంటే పుస్తకానికి బొమ్మలు గీసిన అమ్మాయే ఆ పుస్తకంలో బొమ్మలు గీసే పాత్ర.

మీలో చాలామంది ఈ నవల సంక్షిప్త రూపాన్ని ఇంగ్లీషు పాఠంగానో, సినిమాగానో చూసి ఉంటారు. నలుగురు మంచి పిల్లలూ ఒక మంచి తల్లీ ఉన్న కథగా మనకది గుర్తు. నేనివాళ ఆ మంచితనం గురించి మాట్లాడబోవడం లేదు. తోడబుట్టినదాని బొమ్మల్లోంచి ఒక కుటుంబ నవల పుట్టినప్పుడు ఆ తోడబుట్టినది ఏమవుతుంది అన్నది నా ప్రశ్న. ఎవరి చేతిపని ఎవరి పుస్తకంలో, ఏ పేరుతో, ఏ ముగింపుతో మిగులుతుంది?

ఇందుకు అంత దూరం అమెరికా ఎందుకు వెళ్ళాలి అని మీరడగొచ్చు. అక్కడ రెండు వైపుల సాక్ష్యమూ మిగిలి ఉంది కనక వెళ్తున్నాను. నవల ఉంది, బొమ్మలున్నాయి, ఉత్తరాలున్నాయి, బొమ్మలు గీసిన గోడలు కూడా ఉన్నాయి. మన ఇళ్ళల్లో గోడలకి పండక్కి సున్నం కొడతారు. వాకిట్లో ముగ్గు పొద్దెక్కేసరికి చెరిగిపోతుంది.

ముందు ఆ ఇంటి సంగతి. తండ్రి బ్రాన్సన్ ఆల్కాట్ తత్వవేత్త, ఉపాధ్యాయుడు. పిల్లల్ని కొట్టకూడదు, ప్రశ్నలడగనివ్వాలి అన్నవాడు. తన బడిలో ఒక నల్లజాతి పిల్లని చేర్చుకున్నందుకు తెల్ల తల్లిదండ్రులు తమ పిల్లల్ని మాన్పించేస్తే బడి మూసుకున్నాడు గానీ ఆ పిల్లని పంపెయ్యలేదు. ఇవన్నీ గౌరవించాల్సిన విషయాలే. కానీ ఆయన సంపాదన ఇల్లు గడవడానికి ఏనాడూ చాలలేదు. 1843లో కొందరు మిత్రులతో కలిసి 'ఫ్రూట్‌లాండ్స్' అనే ఆదర్శ సమష్టి జీవనం మొదలుపెట్టాడు. చలికాలం ముదిరేసరికి అది కూలిపోయింది. మగవాళ్ళు తత్వం చర్చిస్తూ, ప్రసంగాలకి ఊళ్ళు తిరుగుతూ ఉంటే వంటా, బట్టలూ, పిల్లలూ తల్లి అబిగైల్ నెత్తిన పడ్డాయి. సమష్టి జీవనాల చరిత్ర చదివినప్పుడల్లా వంటగదిలో ఎవరున్నారని చూడడం నాకలవాటు. సమాధానం మారిన సందర్భాలు చాలా తక్కువ.

తర్వాత బోస్టన్‌లో తల్లి జీతానికి పనిచేసింది. పేదల ఇళ్ళకి వెళ్ళి సహాయం అందించే పని. ఇవాళ మీలో చాలామంది చేస్తున్న పని లాంటిదే. పెద్దమ్మాయిలు ఆనా, లూయిసా ఇంకా చిన్నవయసులోనే పిల్లలకి చదువు చెప్పీ, బట్టలు కుట్టీ డబ్బు తెచ్చారు. లూయిసా ఒక ఇంట్లో పనిమనిషిగా కూడా ఉంది. మూడో అమ్మాయి ఎలిజబెత్ 1858లో ఇరవై రెండేళ్ళ వయసులో చనిపోయింది. అందరికంటే చిన్నది మే. 1840లో పుట్టింది. అసలు పేరు అబిగైల్ మే. ఆ 'మే' అనేది తల్లి పుట్టింటి పేరు. ఇంట్లో 'అబీ' అని పిలిచేవాళ్ళు. పెద్దయ్యాక తనని 'మే' అనే పిలవమని కోరింది. నాన్న ఇంటిపేరు ముందు అమ్మ ఇంటిపేరు నిలబెట్టుకోవడం ఆమె అనుకుని చేసిందో లేదో గానీ, నాకు మాత్రం నచ్చుతుంది.

1858లో ఈ కుటుంబం కాంకర్డ్ ఊళ్ళో 'ఆర్చర్డ్ హౌస్' అనే ఇంట్లో స్థిరపడింది. అంతకుముందు ఎన్ని ఇళ్ళు మారారో లెక్కపెడితే ఇరవై దాటుతుంది. ఈ ఇంట్లో మే తన గది గోడల మీదా, తలుపుల మీదా, కిటికీ చట్రాల మీదా బొమ్మలు గీసింది. దేవతలూ, మనుషుల ముఖాలూ, గుర్రాలూ. తండ్రి వద్దనలేదు. కాగితం కొనడానికి డబ్బుల్లేని ఇంట్లో గోడ ఇవ్వడం చిన్న విషయం కాదు. 1862 చివర్లో అంతర్యుద్ధ సమయంలో లూయిసా సైనికాసుపత్రిలో నర్సుగా పనిచెయ్యడానికి వెళ్ళి, టైఫాయిడ్ తెచ్చుకుని ఇంటికొచ్చింది. పాదరసం కలిసిన మందులిచ్చారు. ఆ తర్వాత ఆమె ఆరోగ్యం ఎప్పుడూ బాగుపడలేదు. ఆ అక్క కళ్ళెదుట పువ్వులుండాలని మే ఆమె గదిలో లిల్లీ పూలు వేసింది. నిప్పుగూడు పైన గుడ్లగూబని కూడా వేసింది. కిటికీల మధ్య గోడకి బిగించిన అర్ధచంద్రాకారపు బల్ల తండ్రి చేసిపెట్టినది. 1868 వేసవిలో లూయిసా 'లిటిల్ విమెన్' రాసింది ఆ బల్ల మీదే. ఆడపిల్లల కోసం ఒక పుస్తకం కావాలని ప్రచురణకర్త అడిగితే ఇష్టం లేకుండానే మొదలుపెట్టి, రెండున్నర నెలల్లో మొదటి భాగం పూర్తిచేసింది.

అంటే ఆమె తల ఎత్తితే చెల్లెలి చేతిగీతలు కనిపించే గదిలో కూచుని రాసింది. స్ఫూర్తి అనే మాటని మనం గాలిలోంచి వచ్చేదానిలా వాడతాం. ఇక్కడ స్ఫూర్తికి సున్నం గోడ, రంగు, తలుపుచెక్క ఉన్నాయి.

నవలలో ఈ బొమ్మలు ఎలా వచ్చాయో చూడండి. ఎమీ బడిలో లెక్కలు చెయ్యాల్సిన పలక నిండా జంతువుల బొమ్మలు గీస్తుంది. అట్లాసు ఖాళీల్లో పటాలు నకలు చేస్తుంది. ఉప్పులో ఊరేసిన నిమ్మకాయలు బడికి తెచ్చినందుకు మాస్టారు ఆమె అరచేతి మీద కొడితే తల్లి ఆ బడి మాన్పించేస్తుంది. రెండో భాగంలో ఒక అధ్యాయం మొత్తం ఆమె కళా ప్రయత్నాల పట్టికే. ఎర్రగా కాల్చిన ఇనప చువ్వతో చెక్కల మీద బొమ్మలు కాలుస్తుంది, పనిమనిషి ఎక్కడ ఇల్లు తగలబడుతుందోనని నీళ్ళ బకెట్టు పెట్టుకుని పడుకుంటుంది. తడిగడ్డిలో కూచుని ప్రకృతి దృశ్యాలు వేసి జలుబు తెచ్చుకుంటుంది. తన పాదానికి అచ్చు తీద్దామని ప్లాస్టర్‌లో కాలు పెడితే అది గట్టిపడిపోతుంది, జో పడీపడీ నవ్వుతూ కత్తితో తవ్వితే గాయమవుతుంది. రొట్టెపిండి పిసికే చెక్క వెనక చిత్రకారుడు రఫేల్ ముఖం కాల్చి గీసిందని నవలలో ఉంది. మే కాల్చి గీసిన అలాంటి చెక్క ఆర్చర్డ్ హౌస్‌లో ఉంది. 1912 నుంచీ ఆ ఇల్లు మ్యూజియం.

ఈ అధ్యాయం చాలా సరదాగా ఉంటుంది. నేనూ నవ్వుకున్నాను. కానీ సామాజిక శాస్త్రం చదువుకున్న మనిషిగా నా దృష్టి ఇంకొక దాని మీదికి పోతుంది. జో అటక మీద రాసుకునే రాతని రచయిత్రి ఎలా చెప్పింది? రాసే ఊపు వచ్చినప్పుడు ఆమె నెత్తిన పెట్టుకునే టోపీ వాలు చూసి ఇంట్లోవాళ్ళు పలకరించాలో వద్దో తేల్చుకుంటారు. అక్కడా నవ్వుంది గానీ ఆ పనికి ఇల్లంతా పక్కకి తప్పుకుంటుంది. ఎమీ గీసేది మాత్రం చిన్నపిల్ల గారాబం, ఫేషను, ఇంటికి ప్రమాదం. ఇద్దరూ పేద ఇంటి ఆడపిల్లలే. ఇద్దరి ఆకలీ ఒకటే. కలం ఒకరి చేతిలో ఉంది. కలం పట్టుకున్నవాళ్ళ పని పనిలా కనిపిస్తుంది, మిగతావాళ్ళది ముచ్చటలా కనిపిస్తుంది. ఇది లూయిసా దుర్మార్గం అనను. కుటుంబ కథ రాసే ప్రతివాళ్ళ చేతిలోనూ ఉన్న అధికారం అది.

ఎమీ చేత జో రాతప్రతిని కాల్పించింది లూయిసా. ఆ నవల చదివిన ఆడపిల్లలు ఇప్పటికీ ఎమీని క్షమించరు. మే తన స్నేహితుడికి రాసిన ఒక ఉత్తరంలో, ఆ దిక్కుమాలిన ఎమీలో నన్ను గుర్తుపట్టావా అన్న అర్థం వచ్చేలా నవ్వుతూ అడిగింది. ముక్కు నిటారుగా రావాలని ఎమీ ముక్కుకి బట్టల క్లిప్పు పెట్టుకోవడం కూడా తన సంగతేనని ఒప్పుకుంది. నవ్వుతూనే రాసింది. ఇంట్లో అందరి ముందూ మనల్ని ఆటపట్టించినప్పుడు మనం నవ్వేది కూడా అలాంటి నవ్వే కదా.

అంతకంటే పెద్ద విషయం ముగింపు. నవలలో ఎమీ ఐరోపా వెళ్తుంది. రోమ్‌లో గొప్ప శిల్పాలూ చిత్రాలూ చూశాక, తనకున్నది నేర్పే గానీ ప్రతిభ కాదని తేల్చుకుంటుంది. గొప్పదాన్నయినా కావాలి, లేకపోతే ఏమీ వద్దు అనుకుని కుంచె పక్కన పెడుతుంది. డబ్బున్న లారీని పెళ్ళాడుతుంది. చివరి అధ్యాయంలో మళ్ళీ మట్టి ముట్టుకుంటుంది, ఎందుకూ అంటే జబ్బుగా ఉన్న తన పాప రూపం దాచుకోవడానికి. కళ మాతృత్వంలో కలిసిపోతే పాఠకులకి అభ్యంతరం ఉండదు. మొదటి భాగం అమ్ముడుపోయాక ఈ పిల్లలు ఎవరిని పెళ్ళి చేసుకుంటారో చెప్పమని ఉత్తరాలు వచ్చి పడ్డాయి. లూయిసాకి విసుగొచ్చింది. తాను పెళ్ళి చేసుకోలేదు, జోకి కూడా చెయ్యదలుచుకోలేదు. అయినా మార్కెట్టు ముందు తలొగ్గి అందరికీ పెళ్ళిళ్ళు చేసింది.

నిజంగా బొమ్మలు వేసిన మే ఏంచేసింది? కుంచె పక్కన పెట్టలేదు.

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే హక్కుల పత్రిక చదివేవాళ్ళకి ఇది ముఖ్యమైన చోటు. 'లిటిల్ విమెన్' మొదటి భాగంలో మే బొమ్మలు నాలుగున్నాయి. సమీక్షకులకి నవల నచ్చింది, బొమ్మలు నచ్చలేదు. చిత్రకారిణికి శరీర నిర్మాణం తెలియదని ఒక పత్రిక రాసింది. ఆ విమర్శ అబద్ధం కాదు. బొమ్మల్లో మనుషులు బిగుసుకుపోయి ఉంటారు. ఆ మాట రాసిన సమీక్షకుడు అడగని ప్రశ్న ఒకటుంది. శరీర నిర్మాణం తెలుసుకోవడానికి ఒక స్త్రీ 1868లో ఎక్కడికి వెళ్ళాలి? మనిషిని గీయడం నేర్చుకోవాలంటే బట్టల్లేని మనిషిని ఎదుట నిలబెట్టుకుని నెలల తరబడి గీయాలి. ఆ తరగతుల్లోకి స్త్రీలని రానిచ్చేవాళ్ళు కాదు. ప్యారిస్‌లోని ప్రభుత్వ కళాశాల 'ఎకోల్ దె బోజార్' తలుపులు స్త్రీలకి తెరుచుకున్నది 1897లో. లండన్ రాయల్ అకాడమీ పాఠశాల 1893లో గానీ స్త్రీలకి మోడల్ తరగతి పెట్టలేదు, అదీ మోడల్ కొంత బట్ట కట్టుకుని ఉండాలనే షరతు మీద. ఫిలడెల్ఫియాలో స్త్రీలున్న తరగతిలో మగ మోడల్ గోచీ తీయించినందుకు థామస్ ఈకిన్స్ అనే గురువు 1886లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. తలుపు మూసిపెట్టి, లోపల ఏముందో తెలియదని వెక్కిరించడం మనకి కొత్త కాదు. ఆడవాళ్ళకి రాజకీయాలు తెలియవంటారు, లెక్కలు రావంటారు, ట్రాక్టరు నడపలేరంటారు. 1869లో వచ్చిన రెండో భాగానికి బొమ్మలు వేరే చిత్రకారుడు వేశాడు.

మే ఆ మాటకి ఇంట్లో కూచుని ఏడ్చి ఊరుకోలేదు. బోస్టన్‌లో విలియం రిమ్మర్ అనే వైద్యుడు, శిల్పి దగ్గర శరీర నిర్మాణం నేర్చుకుంది. స్త్రీలని విద్యార్థులుగా తీసుకున్న విలియం మారిస్ హంట్ దగ్గర చదువుకుంది. ఊళ్ళో పిల్లలకి బొమ్మలు నేర్పింది. కాంకర్డ్‌లోనే ఉన్న డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్ అనే కుర్రాడికి మట్టి పనికి మొదటి పనిముట్లు ఇచ్చింది ఆమే. 1922లో ప్రారంభమైన వాషింగ్టన్ లింకన్ స్మారకంలోని ఆ పెద్ద విగ్రహం అతను చేసిందే. శిష్యుడి పేరు అందరికీ తెలుసు.

డబ్బెక్కడిది? అక్క నవలది. లూయిసా పుస్తకం హక్కులు ఒకేసారి అమ్ముకోకుండా రాయల్టీ మీద ఇచ్చింది. అది ఆ కుటుంబ జాతకాన్నే మార్చేసింది. అప్పులు తీరాయి, బావ చనిపోతే అక్క ఆనాకీ ఆమె ఇద్దరు కొడుకులకీ ఆసరా దొరికింది, మే చదువుకి దారి దొరికింది. 1870లో అక్కచెల్లెళ్ళిద్దరూ ఒక స్నేహితురాలితో కలిసి ఐరోపా వెళ్ళారు. 1873లో మే ఒక్కతే లండన్ వెళ్ళి నేషనల్ గ్యాలరీలో టర్నర్ చిత్రాలకి నకళ్ళు వేసింది. విమర్శకుడు రస్కిన్ వాటిని మెచ్చుకున్నాడు. 1876లో ప్యారిస్ వెళ్ళింది. 1877లో ఆమె వేసిన స్టిల్ లైఫ్, అంటే బల్ల మీద వస్తువుల బొమ్మ, ప్యారిస్ సలోన్ ప్రదర్శనకి ఎంపికైంది. అదే సంవత్సరం మేరీ కసాట్ పంపినవి తిరగ్గొట్టారు. ఇవాళ కసాట్ పేరు ప్రపంచమంతా తెలుసు కనక ఈ పోలిక చెబుతున్నాను, అంతకుమించి పందెం ఏమీ లేదు.

చూశారా, చెల్లెలి బొమ్మలు అక్క నవలకి ముడిసరుకయ్యాయి. ఆ నవల డబ్బు చెల్లెల్ని మళ్ళీ బొమ్మల దగ్గరికి పంపింది. కథలో ఎమీకి ఐరోపా ప్రయాణం డబ్బున్న చుట్టం దయవల్ల దొరుకుతుంది. నిజంలో ఆ డబ్బు ఇచ్చింది అక్క. అలా ఒక స్త్రీ సంపాదన ఇంకో స్త్రీ చదువుకి ఖర్చయింది. ఈ సంగతి నవలలో ఉంటే ఎంత బావుండేదో అనిపిస్తుంది నాకు.

కానీ లెక్క అంతటితో అయిపోదు. ఇంట్లో జబ్బుపడిన తల్లి ఉంది. ఆవిణ్ణి ఎవరు చూసుకోవాలి? మే ఐరోపాలో ఉంటే లూయిసా ఇంట్లో ఉండాలి. లూయిసా ఎక్కడైనా గది తీసుకుని రాసుకోవాలంటే మే తిరిగి రావాలి. ఏళ్ళ తరబడి వాళ్ళిద్దరూ అలా వంతులేసుకున్నారు. మేకి ఎప్పుడూ అన్నీ అనుకున్నప్పుడు దొరుకుతాయని లూయిసాకి కొంచెం కడుపుమంట కూడా ఉంది, ఆమె డైరీల్లో అది దాచుకోలేదు. నాకు ఆమె మీద కోపం రాదు. సంరక్షణ పని ఆడపిల్లల మధ్య మాత్రమే పంచుకోవాల్సిన పనైనప్పుడు ఆడపిల్లలే ఒకరికొకరు అడ్డమవుతారు. తత్వవేత్త తండ్రి ఆ వంతుల్లో ఎక్కడా కనిపించడు. 1877 నవంబరులో తల్లి పోయినప్పుడు మే లండన్‌లో ఉంది.

1878 మార్చిలో మే లండన్‌లోనే ఎర్నెస్ట్ నీరికర్ అనే స్విస్ యువకుణ్ణి పెళ్ళి చేసుకుంది. ఆమెకి ముప్పై ఏడు, అతను ఆమె కంటే చాలా చిన్నవాడు. ప్యారిస్ దగ్గర మూడోన్‌లో కాపురం పెట్టి బొమ్మలు మానలేదు. 1879లో ఒక నల్లజాతి స్త్రీ చిత్రం సలోన్‌లో పెట్టారు. చిత్రానికి ఆ స్త్రీ పేరు పెట్టలేదు, ఆమె జాతినే పేరుగా పెట్టారు. బానిసత్వానికి వ్యతిరేకంగా నిలబడిన ఇంట్లో పుట్టిన చిత్రకారిణి కూడా తన ఎదుట కూచున్న మనిషి పేరు మనకి మిగల్చలేదు. ఇది కూడా లెక్కలోకి రావాలి. అదే సంవత్సరం ఆమె ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించింది. విదేశాల్లో చవగ్గా చిత్రకళ ఎలా చదువుకోవాలి అన్నది విషయం. లండన్‌లో, ప్యారిస్‌లో, రోమ్‌లో ఎక్కడ ఉండాలి, ఏ స్టూడియోలో చేరాలి, ఎంతవుతుంది. తన వెనక వచ్చే ఆడపిల్లల కోసం రాసిన దారి ఖర్చుల పుస్తకం అది. అక్క రాసిన ఎమీ బొమ్మలు మానేసి పదేళ్ళయింది. అసలు మనిషి మిగతావాళ్ళకి దారి చెబుతోంది.

1879 నవంబరు 8న ఆమెకి ఆడపిల్ల పుట్టింది. అక్క పేరే పెట్టింది. డిసెంబరు 29న చనిపోయింది. ప్రసవం తర్వాత ఏడు వారాలు.

కొన్నాళ్ళకి ఒక పెట్టె లూయిసాకి చేరింది. అందులో మే వేసిన చిత్రాలు, బట్టలు, కుట్టుపని బుట్ట ఉన్నాయి. ఆమె వాడిన రంగుల పెట్టెల్లో ఒకదానిలో నీలం రిబ్బను కట్టిన ఆమె జుట్టు ఉంది. 1880 సెప్టెంబరులో పది నెలల పాప కూడా వచ్చింది. లూయిసా 1888లో తాను పోయేదాకా ఆ పాపని పెంచింది.

ఇక్కడ నేను మీకు చెప్పాలనుకున్న రెండో పుస్తకం వస్తుంది. మే పెళ్ళి తర్వాత లూయిసా ఒక నవల మొదలుపెట్టింది. 'డయానా అండ్ పర్సిస్'. ఇద్దరు కళాకారిణుల స్నేహం. పర్సిస్ చిత్రకారిణి, ప్యారిస్ వెళ్తుంది, పెళ్ళి చేసుకుంటుంది, బిడ్డని కంటుంది. డయానా శిల్పి, ఒంటరిగా ఉండి పనిచేస్తుంది. ఈసారి చిత్రకారిణి ఎవరికీ నవ్వులాట కాదు. మే ఉత్తరాల్లోంచి ప్యారిస్ జీవితం, స్టూడియో, స్నేహితురాళ్ళు పేజీల్లోకి వచ్చారు. స్త్రీ పనీ, పెళ్ళీ, బిడ్డా ఒకచోట ఇముడుతాయా అన్న ప్రశ్నని లూయిసా సూటిగా వేసుకుంది. నాలుగు అధ్యాయాల దగ్గర ఆగిపోయింది. అచ్చయింది 1978లో, అంటే దాదాపు వందేళ్ళ తర్వాత, స్త్రీల చరిత్ర తవ్వి తీస్తున్న పరిశోధకులు పాత కాగితాలు తెరిచిన రోజుల్లో. నన్నడిగితే పదేళ్ళలో ఆ అక్క చెల్లెల్ని చూసే చూపు మారింది. మొదటి నవలలో చెల్లెలి బొమ్మల్ని వాడుకుంది. రెండోదానిలో బొమ్మలు వేసే చెల్లెలి వైపు నుంచి చూడడం మొదలుపెట్టింది.

నిన్న సాయంత్రం మీలో ఒకావిడ నన్ను పక్కకి పిలిచి అడిగిన మాట ఇప్పుడు ఆవిడ అనుమతితోనే చెబుతున్నాను. ఆవిడ చెల్లెలు పెళ్ళయిన రెండేళ్ళకి అత్తవారింట్లో కాలిపోయి చనిపోయింది. కేసు నిలబడలేదు. చెల్లెలు చిన్నప్పటినుంచీ గీసిన నోటుపుస్తకాలు ఐదు ఈవిడ దగ్గరున్నాయి. ముగ్గులు, జాకెట్ల చేతుల డిజైన్లు, ఇంట్లోవాళ్ళ ముఖాలు. వాటిని పట్టుకుని మా కుటుంబం గురించి నవల రాయొచ్చా అని అడిగింది. అన్నదమ్ములు ఒప్పుకోవడం లేదట. చచ్చిపోయినదాన్ని బజారుకెక్కిస్తావా అంటున్నారట.

రాయమని చెప్పాను. ఎలా రాయాలో కూడా కొంత మాట్లాడుకున్నాం, అదే మీకూ చెబుతాను.

నోటుపుస్తకంలో ఉన్నదేమిటో ముందు చూడాలి, చచ్చిపోయింది కదా అని ప్రతి గీతలోనూ చావు వెతకొద్దు. పదిహేనేళ్ళ పిల్ల జాకెట్ డిజైన్ గీసిందంటే ఆమెకి జాకెట్ కావాలనిపించింది, బహుశా కుట్టి డబ్బు సంపాదించాలనిపించింది. ఆ కోరికని కోరికగానే రాయాలి. నాన్న ముఖం పదిసార్లు గీసి, అమ్మ ముఖం ఒక్కసారీ గీయలేదనుకోండి, ఎందుకని అడగాలి. అమ్మ ఎప్పుడూ ఒకచోట కూచోలేదేమో. ఏ పేజీలో బొమ్మలు ఆగిపోయాయి, ఆ నెలలో ఇంట్లో ఏం జరిగింది? పెళ్ళిచూపులా, చదువు మాన్పించడమా? లూయిసాకి చెల్లెల్ని అడిగే వీలుంది, చెల్లెలు నవ్వుతూనో అలిగో జవాబు చెప్పింది. మనలో చాలామందికి ఆ వీలు లేదు. అందుకే చెల్లెలి నోట ఏ మాట పెట్టినా అది నా మాట అని రాసే మనిషికి తెలిసి ఉండాలి. కల్పించొద్దని కాదు, నవలంటేనే కల్పన. ఆమెని దేవతని చెయ్యొద్దు. పొగరూ, అలకా, అబద్ధాలూ ఉన్న మనిషిగా ఉండనివ్వండి. కాలిపోయిన ఆడపిల్ల మంచిదని రుజువు చేస్తే గానీ న్యాయం అడగకూడదన్నట్టు కోర్టులు ప్రవర్తిస్తాయి, మన నవల కూడా ఆ పని చెయ్యక్కర్లేదు.

అన్నదమ్ముల పరువు సంగతి. ఆ పిల్ల బతికుండగా వెనక్కి తీసుకురాని పరువు ఇప్పుడెందుకు అడ్డం వస్తోందో వాళ్ళని అడగమన్నాను. అయితే బతికున్న పిల్లలుంటే, వాళ్ళ ఊరూ పేరూ మార్చాలి. కేసు ఇంకా నడుస్తుంటే లాయరుకి చూపించకుండా అచ్చుకివ్వకూడదు. ఆ నోటుపుస్తకాలు కేసులో సాక్ష్యమయ్యే అవకాశముంటే అసలువి జాగ్రత్త చేసి, జిరాక్సు కాపీల మీద పనిచెయ్యాలి.

ఇంకో చిన్న సంగతి. మా ఇంట్లో అన్నయ్య ఇంటర్మీడియట్ బోటనీ, జువాలజీ రికార్డుల్లో బొమ్మలన్నీ మా అక్క వేసింది. మందార పువ్వు నిలువుకోత, కప్ప జీర్ణవ్యవస్థ. పదో తరగతితో ఆమె చదువు ఆపేశారు. రికార్డుకి మంచి మార్కులొచ్చాయి, మీద పేరు అన్నయ్యది. ఈ మాట చెప్పినప్పుడల్లా సభలో సగంమంది చేతులెత్తుతారు. ఇదిగో, ఇప్పుడు కూడా ఎత్తారు. మన కుటుంబ నవలలకి ఇంతకంటే మంచి ముడిసరుకు ఎక్కడుంది? అక్క గీసిన ఆ కప్పని చూసి ఒక నవల రాయొచ్చు. ఎవరి పరీక్ష కోసం ఎవరు రాత్రుళ్ళు పెన్సిల్ చెక్కుకుంటూ కూచున్నారో అందులో ఉంది. కప్ప పొట్టలో ఏముందో తెలిసిన ఆ పిల్లని డాక్టర్ని చెయ్యాలని ఎవరికీ ఎందుకు తోచలేదో కూడా ఉంది.

అలాగే, ఈ బొమ్మలున్న ఇళ్ళు ఎవరివో కూడా చూసుకోండి. ఆల్కాట్లు పేదవాళ్ళే అయినా 'లిటిల్ విమెన్' ఇంట్లో హానా అనే పనిమనిషి ఉంది. ఆమె ఏం గీసిందో, ఆమె చెల్లెలెవరో నవలకి అక్కర్లేదు. మన దగ్గర నోటుపుస్తకం, పెన్సిలు, గీసుకోవడానికి ఒక మధ్యాహ్నం ఎంతమంది ఆడపిల్లలకి దొరికాయి? పక్క వీధిలో, వాడలో పనికి వెళ్ళిన పిల్ల గీతలు మట్టి గోడ మీదో, పేడ అలుకు మీదో ఉండి పోయాయి. మీరు ఊళ్ళల్లో తిరిగేటప్పుడు అవి కనిపిస్తే, గీసిన మనిషిని అడిగి ఫొటో తియ్యండి. వెనక ఆమె పేరు, ఊరు, తేదీ రాయండి. ఫలానా సంస్థ సౌజన్యం అని కాదు, ఆమె పేరు.

భోజనాల తర్వాత గుంపులుగా కూర్చుంటాం. ఇంటి నుంచి నోటుపుస్తకాలూ, కుట్టుగుడ్డలూ, రికార్డులూ తెచ్చినవాళ్ళు ఆ పొడుగు బల్ల మీద పెట్టండి. గీసినవాళ్ళ పేరు రాసిన కాగితం ప్రతిదానికీ గుచ్చండి. తెలియకపోతే ఇవాళే ఇంటికి ఫోను చేసి కనుక్కోండి.